తెర అప్పగించే ముందు: రిమోట్ సపోర్ట్ తీసుకునేవారు చేయవలసినవి, చేయకూడనివి

తాడేపల్లిగూడెం బియ్యం మిల్లులో గుమాస్తా ముందున్నది మామూలు కంప్యూటరే. కానీ ఆయన పద్దు రాస్తున్న ట్యాలీ ఆ పెట్టెలో ఉండకపోవచ్చు. ఏలూరులో ఆడిటర్ గారి ఆఫీసు సర్వర్‌లోనో, హైదరాబాద్ డేటా సెంటర్‌లోనో అది నడుస్తూ ఉంటుంది. ఇక్కడ కనపడేది దాని తెర మాత్రమే. ఇక్కడ నొక్కిన మీట అక్కడ పనిచేస్తుంది. 2020 మార్చి లాక్‌డౌన్‌కి సొంతూరు వచ్చేసి, నేటికీ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నవారిలో చాలామందిదీ ఇదే పద్ధతి. కంపెనీ డెస్క్‌టాప్ ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది, ఇంట్లో లాప్‌టాప్‌లో దాన్ని తెరుస్తారు.

దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఈ ఏర్పాటు కొల్లేటి ప్రాంతానికి బాగానే అక్కరకొచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీళ్లు కొల్లేరుకు చేరినప్పుడు లంక గ్రామాల దారులు మునిగాయి. అలాంటి రోజుల్లో కైకలూరు నుంచి కంప్యూటర్ బాగుచేసే కుర్రాడు బండి మీద రాలేడు. తన ఇంట్లోనే కూర్చుని మీ కంప్యూటర్‌లోకి వచ్చి పని చక్కబెట్టి వెళ్తాడు.

అయితే దూరం నుంచి బాగుచేసే దారినే దూరం నుంచి దోచుకోవడానికీ వాడుకుంటారు. ఇందుకు వాడే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ దొంగ యాప్‌లు కావు. మంచి సాంకేతిక నిపుణులు రోజూ వాడేవే. మోసగాళ్లూ వాటినే వాడుతున్నారని, ఎనీడెస్క్ పేరు చెప్పి మరీ 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులను హెచ్చరించింది. ఆ మోసం నడిచే తీరు ఇప్పటికీ పెద్దగా మారలేదు. యాప్ వేయిస్తారు, అందులో కనపడే సంఖ్య చెప్పమంటారు, వచ్చిన ప్రశ్నకు ‘సరే’ నొక్కమంటారు. ఆపైన వచ్చే ఓటీపీ మీతోపాటు వాళ్లకూ కనపడుతుంది.

అందుకని అన్నిటికంటే ముందు మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: ఈ సాయం మనం అడిగామా, వాళ్లే వచ్చారా? మనం పిలిస్తే వచ్చినవాడి విషయంలో జాగ్రత్త చాలు. వాడే ఫోన్ చేసి వస్తానంటే ఫోన్ పెట్టేయాలి. కింద చెప్పినవన్నీ ఈ ఒక్క సూత్రం నుంచి పుట్టినవే.

చేయవలసినవి

1. నంబరు మీ దగ్గర ముందే ఉండాలి. ట్యాలీ చూసే పార్ట్‌నర్, ఆడిటర్ ఆఫీసు, కంపెనీ హెల్ప్‌డెస్క్, ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినవారు, వీళ్లందరి నంబర్లూ కాగితం మీద రాసి గోడకు అంటించండి. అవసరం పడినప్పుడు గూగుల్‌లో ‘కస్టమర్ కేర్’ అని వెతికితే పైన కనపడేది దొంగ నంబరు కావచ్చు.

2. ఫోన్ వస్తే, పెట్టేసి మీరే తిరిగి చేయండి. ‘ఏమండీ, మీ సర్వర్ లైసెన్స్ ఈ రోజుతో అయిపోతోందండీ, ఒకసారి ఎనీడెస్క్ నంబర్ చెప్పండి’ అని ఎవరైనా అంటే గొడవ పడనక్కర్లేదు. ‘మా దగ్గరున్న నంబరుకి మేమే చేసి కనుక్కుంటాంలెండి’ అనండి. నిజమైనవాడు సరేనంటాడు. ‘లైన్‌లోనే ఉండండి, కట్ చేయకండి’ అన్నాడంటే అనుమానించాల్సిందే.

3. తెర ఇచ్చే ముందు బల్ల సర్దుకోండి. బ్యాంకు పేజీ, వాట్సాప్ వెబ్, మెయిల్, పాస్‌వర్డులు రాసుకున్న ఎక్సెల్ ఫైలు అన్నీ మూసేయండి. అందరూ మరిచిపోయేది ఇంకొకటుంది, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్. రిటర్న్ వేశాక ఆ యూఎస్‌బీ ముక్క కంప్యూటర్‌కే పెట్టి వదిలేస్తారు. దాని పిన్ కూడా తెలిస్తే, మౌస్ పట్టుకున్నవాడు మీ సంతకమూ పెట్టగలడు. పని అవగానే దాన్ని తీసి బీరువాలో పెట్టండి.

4. అడిగినంతే ఇవ్వండి. యాప్ అనుమతి అడిగినప్పుడు అందులో విడివిడిగా టిక్కులు ఉంటాయి: తెర చూడటం, మౌస్ నడపడం, ఫైళ్లు పంపుకోవడం, కాపీ చేసింది అటూ ఇటూ వెళ్లడం. పొరపాటు ఎక్కడుందో చూపించడానికి మొదటిది చాలు. మౌస్ ఇవ్వక తప్పనప్పుడు కూడా ఫైళ్ల అనుమతి తీసేయండి.

5. పని అయ్యేదాకా అక్కడే కూర్చోండి. మధ్యలో తెర నల్లగా మారినా, బ్యాంకు పేజీ తెరుచుకున్నా, కొత్త యాప్ దిగుతున్నా వెంటనే వైఫై ఆపండి, లేదా ఇంటర్నెట్ వైరు లాగేయండి. మర్యాద సంగతి తర్వాత చూసుకోవచ్చు.

6. పని అయ్యాక తలుపు వేయండి. సెషన్ ముగించి యాప్ మూసేయండి. మనిషి లేకపోయినా లోపలికి వచ్చేందుకు పాస్‌వర్డ్ పెట్టారేమో సెట్టింగుల్లో చూసి, ఉంటే తీసేయండి. ఎనీడెస్క్ కంపెనీ తన సర్వర్లలోకే చొరబాటు జరిగిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించి, పాస్‌వర్డులు మార్చుకోమని, కొత్త వెర్షన్ వేసుకోమని చెప్పింది. ఎప్పుడో పెట్టి మరిచిన పాస్‌వర్డ్ ఇలాంటప్పుడే ముప్పు తెస్తుంది.

7. అప్‌డేట్లు వాయిదా వేయకండి. 2017 మేలో వచ్చిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వన్నాక్రై మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లను కూడా వదల్లేదు. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆఫీసులో అది నడుస్తున్న పెట్టెలు ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోండి.

8. ఎవరి ఐడీ వారికే ఇవ్వండి. ఈ-వే బిల్లు పోర్టల్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ ఓటీపీ తప్పనిసరి. ఓటీపీ ఓనరు గారి ఫోన్‌కి వస్తుంది, లారీ గేటు దగ్గర ఉంటుంది, గుమాస్తా ఫోన్ చేసి ‘నంబరు చెప్పండయ్యా’ అంటాడు. ఇలా అలవాటైతే రేపు గుమాస్తా గొంతుతో ఇంకొకడు అడిగినా చెప్పేస్తారు. గుమాస్తా పేరున, ఆయన ఫోన్ నంబరుతో సబ్-యూజర్ ఐడీ తీయించండి. మానేసి వెళ్లినవారి ఐడీ ఆ రోజే తీసేయించండి.

9. బ్యాకప్ ఒకటి విడిగా ఉంచండి. సర్వర్‌కు ఎప్పుడూ తగిలించి ఉండే హార్డ్‌డిస్క్‌ను బ్యాకప్ అనుకోవద్దు. రాన్సమ్‌వేర్ వస్తే రెండింటినీ కలిపి తాళం వేస్తుంది. వారానికోసారి కాపీ తీసి, డిస్క్ విడదీసి, మరో చోట పెట్టండి. తీసిన కాపీ తెరుచుకుంటోందో లేదో అప్పుడప్పుడు చూడండి.

చేయకూడనివి

1. ఫోన్‌లో తెర పంచుకునే యాప్ వేయకండి. ‘మీ బిల్లు కట్టలేదు, ఈ రాత్రి కరెంటు తీసేస్తాం, ఈ అధికారికి ఫోన్ చేయండి’ అనే మెసేజ్ 2022 నుంచి దేశమంతా తిరిగింది. ఫోన్ చేస్తే టీమ్‌వ్యూయర్ క్విక్‌సపోర్ట్ వేయమనేవారు. విద్యుత్ శాఖ కానీ, బ్యాంకు కానీ బిల్లు చూడటానికి మీ ఫోన్ తెర అడగవు. బ్యాంకు యాప్, ఓటీపీ రెండూ ఉన్న ఫోన్‌లోకి ఇంకొకరిని రానివ్వడమంటే ఖాతా చేతికి ఇవ్వడమే.

2. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు నొక్కకండి. ఆ ఫైలుకు బ్యాంకు పేరు ఉండొచ్చు, చలానా పేరో ప్రభుత్వ పథకం పేరో ఉండొచ్చు. పేరు చూసి నమ్మొద్దు.

3. సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్ మీద పెట్టకండి. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే పోర్టు 3389. రౌటర్‌లో దాన్ని తెరిచి వదిలేస్తే, అలాంటి తలుపుల కోసం రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రాములు దాన్ని కనిపెడతాయి. పాస్‌వర్డ్ ‘ట్యాలీ123’ అయితే ఇక చెప్పేదేముంది? 2019 మేలో ఈ రిమోట్ డెస్క్‌టాప్‌లోనే ‘బ్లూకీప్’ అనే లోపం బయటపడింది. అప్పటికే పక్కన పెట్టేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇవ్వాల్సివచ్చింది. పోర్టు నంబరు మార్చితే చాలనుకోవద్దు. వీపీఎన్ లేదా గేట్‌వే వెనక పెట్టించండి, పాస్‌వర్డ్‌తోపాటు రెండో ధ్రువీకరణ కూడా పెట్టించండి.

4. మీరు లాగిన్ అవకుండా వచ్చిన ‘అప్రూవ్’ నొక్కకండి. అర్ధరాత్రి ఫోన్‌కి పదేపదే వస్తోందంటే పాస్‌వర్డ్ ఎవరికో దొరికిందని అర్థం. విసుగుతో ఒక్కసారి నొక్కినా వాళ్లు లోపలికి వచ్చేస్తారు. నిరాకరించి, హెల్ప్‌డెస్క్‌కి చెప్పి, పాస్‌వర్డ్ మార్చండి.

5. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి లేచిపోకండి. రిమోట్ కిటికీ మూసినంత మాత్రాన సెషన్ ముగియదు, సర్వర్‌లో మీ ట్యాలీ తెరిచే ఉంటుంది. కరెంటు పోయినా అంతే. ఇక్కడ తెర ఆరిపోతుంది కానీ అక్కడ పని ఆగదు. తిరిగి కలిశాక, సగంలో వదిలిన బిల్లు అప్పటికే పడిందేమో చూసి తర్వాతే మళ్లీ కొట్టండి. చూసుకోక రెండు ఈ-వే బిల్లులు తీస్తే ఒకదాన్ని 24 గంటల్లోపు రద్దు చేయాల్సివస్తుంది. పని అయ్యాక ‘సైన్ అవుట్’ చేసి లేవండి.

6. కంపెనీ డెస్క్‌టాప్ తెర మీద ఫైళ్లు వదలకండి. చాలా కంపెనీల్లో సైన్ అవుట్ కాగానే వర్చువల్ డెస్క్‌టాప్ మొదటికి వచ్చేస్తుంది. అక్కడ దాచినవి కూడా తుడిచిపెట్టుకుపోతాయి. కంపెనీ చెప్పిన డ్రైవ్‌లోనే దాచండి. తెరను సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపడం, పిల్లల ఆన్‌లైన్ క్లాసుకు అదే లాప్‌టాప్ ఇవ్వడం మానుకోండి.

7. ఇంటి డ్రైవులు సర్వర్‌కు కలపకండి. రిమోట్ డెస్క్‌టాప్‌లో ‘లోకల్ డ్రైవ్‌లు’ అనే టిక్కు ఉంటుంది. అది పెట్టి ఉంటే ఒక వైపు దూరిన రోగం రెండో వైపుకి పాకే వీలుంది. ప్రింటర్ వరకు ఉంచుకుని మిగతావి తీసేయండి.

సపోర్ట్ ఇచ్చేవారికి

ఏలూరు, తాడేపల్లిగూడెంలో ఈ పని చేసే కుర్రాళ్ల మీద ఊళ్లో నమ్మకం ఎక్కువ. ‘మా అబ్బాయే, చూసుకుంటాడు’ అని పాస్‌వర్డులు కూడా చెప్పేస్తారు. చెప్పినా రాసుకోకండి. పాతిక దుకాణాల పాస్‌వర్డులు మీ వాట్సాప్‌లో ఉంటే, మీ ఒక్క ఫోన్ పోయినప్పుడు ఆ దుకాణాలన్నిటికీ ముప్పే. లోపలికి వచ్చే ముందు పేరు చెప్పి అనుమతి అడగండి, వెళ్లేటప్పుడు ఏం చేశారో ఒక ముక్క రాసి పంపండి. వినియోగదారు పాస్‌వర్డ్ కొడుతుంటే ‘చూడటం లేదండీ, మీరు కొట్టుకోండి’ అని తెర వదలండి.

సర్వర్లు చూసేవారికి ఇంకొక మాట. 2023 అక్టోబరులో సిట్రిక్స్ గేట్‌వేల్లో ‘సిట్రిక్స్ బ్లీడ్’ లోపం బయటపడింది. దాంతో లాగిన్ అయి ఉన్నవారి సెషన్ టోకెన్లు దొంగిలించేవారు, పాస్‌వర్డ్‌తో కానీ ఓటీపీతో కానీ వాళ్లకు పని లేకపోయింది. అప్‌డేట్ వేసి ఊరుకున్నచోట పాత టోకెన్లు ఇంకా చెల్లాయి. ఇలాంటప్పుడు తెరిచి ఉన్న సెషన్లన్నీ తెంపేస్తేనే పని పూర్తయినట్టు. చొరబాటు జరిగితే గుర్తించిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతున్నాయి.

జరగరానిది జరిగితే

- ముందు నెట్ తెంపండి. ఫోన్ అయితే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.
- ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి ఖాతా, కార్డు, యూపీఐ ఆపించండి.
- వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. డబ్బు ఖాతాలు మారుతూ పోతుంది కాబట్టి ఎంత ముందు చెబితే అంత ఆగే అవకాశం ఉంటుంది.
- యాప్ తీసేసే ముందు అందులోని కనెక్షన్ల చిట్టాను, వచ్చిన మెసేజ్‌లను, ఫోన్ నంబర్లను ఫోటో తీసి ఉంచండి. కంగారులో కంప్యూటర్ ఫార్మాట్ చేయిస్తే ఆధారం కూడా పోతుంది.
- పాస్‌వర్డులు మరో కంప్యూటర్ నుంచి మార్చండి.
- ‘పోయిన డబ్బు తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి’ అంటూ తర్వాత వచ్చే ఫోన్లను నమ్మకండి. అది రెండో మోసం.

బ్యాంకు బాధ్యత ఎంతో కూడా తెలిసి ఉండాలి. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక వేరేచోట జరిగి, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో మీరు చెబితే నష్టం మీ మీద పడదు. ఓటీపీనో పాస్‌వర్డో మీరే ఇచ్చి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మీదే. ఫిర్యాదు చేశాక పోయేది బ్యాంకు భరించాలి. అంటే సిగ్గుపడుతూ గడిపే ప్రతి గంటకూ మూల్యం చెల్లించేది మీరే.

మోసపోయినవారిని ఇంట్లో కానీ ఆఫీసులో కానీ తిట్టకండి. తిడతారన్న భయంతోనే గుమాస్తా సాయంత్రం దాకా చెప్పడు, నాన్నగారు వారం దాకా చెప్పరు. ఈ రోజే ఇంట్లోవాళ్లను, పనివాళ్లను కూర్చోబెట్టుకుని 1930 నంబరు ఫోన్లలో పెట్టించండి, పొరపాటు జరిగితే ఆ నిమిషమే చెప్పమనండి.