గుళికలు పక్కన పెట్టు, కాగితం తియ్

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవించి రాసేది.

అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. తెల్లవారుజామున పక్క రొయ్యల గుంటల కుక్కలు దొడ్లో పడి చూడి గొర్రెల్ని చీల్చేశాయనీ, నువ్వు అన్నం ముట్టకుండా కూర్చున్నావనీ చెప్పింది. ఆఖర్న గొంతు తగ్గించి, "వాడు గుళికలు తెచ్చి పెట్టుకున్నాడన్నా, నాకు భయంగా ఉంది" అంది. అందుకే ఆదివారం నేను వచ్చేదాకా ఆగకుండా ఈ ఉత్తరం పంపిస్తున్నాను.

నీ బాధ చిన్నది కాదు. మన నెల్లూరు గొర్రె దేశంలోని గొర్రె జాతులన్నిటిలో పొడగరి. అందులో నువ్వు ఏరి తెచ్చుకున్నవి జోడిపి, తెల్లటి ఒళ్లు, మూతి మీదా కళ్ల చుట్టూ నల్ల మచ్చలూ ఉన్న మంచి జీవాలు. చూడి గొర్రె పోతే దానితోపాటు కడుపులో పిల్లా, ముందు ఈతలూ పోతాయి. పశువైద్యశాలలో పనిచేసినన్నాళ్లూ కుక్కలు పడిన దొడ్లు చాలా చూశాను. చచ్చినవాటికంటే బతికినవాటిని చూస్తేనే కడుపు తరుక్కుపోయేది.

ముందు గుళికల మాట తేల్చేద్దాం. వరి మడిలో కాండం తొలిచే పురుగుకు చల్లే ఆ మందును మాంసంలో కలిపి గట్టు మీద పెట్టాక, దాన్ని ఎవరు తింటారన్నది నీ చేతిలో ఉండదు. కాకి తింటుంది, గద్ద తింటుంది, ముంగిస తింటుంది, ఏ పాపం ఎరగని మరో ఇంటి కుక్క తింటుంది. చట్టం కూడా ఒప్పుకోదు. ఏ జంతువునైనా చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం దానికి అదనం. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రిపూట కారులో వచ్చి ఇరవై కుక్కల్ని తుపాకీతో కాల్చి చంపారు, గుర్తుందా? బంధువుల పెంపుడు కుక్క మీద వీధికుక్కలు పడ్డాయన్న కసితో చేసిన పని అని పోలీసులు తేల్చారు. ముగ్గురు అరెస్టయ్యారు. కసికి కారణం ఉన్నంత మాత్రాన కేసు ఆగలేదు.

ఇంకో సంగతి మన తీరంలో ఉన్నవాళ్లకే అర్థమవుతుంది. మైపాడు నుంచి విడవలూరు దాకా ఎటు చూసినా గుంటలే. వైట్‌స్పాట్ రోగం వచ్చో, నీళ్లలో ఆక్సిజన్ తగ్గో రాత్రికి రాత్రి రొయ్యలు తేలిపోతాయి. అలా తేలినప్పుడల్లా గుంట యజమాని మొదట అనేమాట, "ఎవడో మందు కలిపాడు" అని. కుక్కలకు విషం పెట్టిన మనిషివని ఒకసారి పేరు పడిందంటే, ఆ చుట్టుపక్కల ఏ గుంటలో రొయ్య తేలినా అందరి కళ్లూ నీ ఇంటి వైపే తిరుగుతాయి. లక్షల పెట్టుబడి పోయిన మనిషి కోపాన్ని నువ్వు తట్టుకోలేవు. ఆ పొట్లం ఎవరి దగ్గర కొన్నావో వాళ్లకే తిరిగి ఇచ్చెయ్.

కళ్లముందు కుక్క గొర్రె మీద పడితే కర్ర తీసుకుని తరుముతావు, తరమాలి కూడా. తర్వాత వెతికి వెతికి చంపడం వేరు. ఇంగ్లండులో రైతు కాల్చేయొచ్చట కదా అని నీ స్నేహితులు ఏవో వీడియోలు చూపిస్తారు. అక్కడ మందల మీద పడే కుక్కల గురించి 1953లోనే ప్రత్యేకంగా చట్టం చేశారు. అక్కడి 1971 చట్టం ప్రకారం కూడా మరో దారి లేనప్పుడే కాల్చాలి, 48 గంటల్లోగా పోలీసులకు చెప్పాలి. మనకు అలాంటి చట్టమే లేదు. మేక పక్కవాడి చేలో పడితే బందెలదొడ్డికి తోలడానికి 1871 నుంచి చట్టం ఉంది. అందులో లెక్కపెట్టిన జంతువుల్లో ఏనుగు ఉంది, ఒంటె ఉంది, గాడిద ఉంది. కుక్క మాత్రం లేదు. కాబట్టి నీ దారి నువ్వే జాగ్రత్తగా కట్టుకోవాలి.

కరిచింది కుక్కేనా అని పక్కవాళ్లు తప్పకుండా అడుగుతారు. సరుగుడు తోటల్లో నక్కలున్నాయి, నక్క పనై ఉంటుందంటారు. నక్క ఆకలికి వస్తుంది. చిన్న పిల్లను ఎత్తుకుపోతుంది, లేదా పొట్ట చీల్చి తిని పోతుంది. కుక్కల గుంపుకి ఆకలికంటే తరమడమే ఆట. పారిపోయే గొర్రెను వెనక తొడ మీద, తోక దగ్గర, చెవుల మీద, పొదుగు మీద పట్టుకుంటాయి. ఒకటి పడిపోగానే దాన్ని వదిలి ఇంకోదాని వెంట పడతాయి. తినకుండా వదిలేసిన చాలా గొర్రెల మీద అక్కడక్కడా కాట్లుంటే అది కుక్కల పనే. నీ ఫోన్లో ఆ గాయాల ఫోటోలు దగ్గరగా తీసి పెట్టుకో, చెవి పోగు నంబరు కూడా కనపడాలి. దొడ్డి చుట్టూ ఉన్న అడుగుజాడలు, గుంట గట్టు వైపు పోయిన జాడలు తియ్యి. కుక్కల్ని కూడా తియ్యి, మెడ పట్టీ ఉంటే అది కనపడేలా తియ్యి.

చచ్చినవాటిని అప్పుడే పూడ్చవద్దు. మాంసానికి అమ్మితే కొంతైనా వస్తుందని ఎవరైనా అంటే వినవద్దు. కుక్క కరిచిన జీవాన్ని కోయడం కోసేవాడికే ప్రమాదం, పైగా నీ సాక్ష్యం కూరలో పోతుంది. పశువైద్యాధికారిని పిలిపించి పోస్టుమార్టం రాయించు. బీమా చేయించి ఉంటే కంపెనీకి వెంటనే కబురు చెయ్యాలి. బీమాకైనా పరిహారానికైనా ఆ డాక్టరు సంతకం లేనిదే ఒక్క రూపాయి కదలదు. ఆ తర్వాత లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చు.

ఇక బతికినవాటి సంగతి. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. అది వచ్చేలోపు నువ్వు చేయాల్సిన పని ఒక్కటే. చేతులకు తొడుగులు వేసుకుని, ప్రతి కాటునూ సబ్బు నీళ్లతో, కారే ధార కింద పావుగంట సేపు కడుగు. కారం, కిరసనాయిలు, సున్నం, పసరు ఏదీ పెట్టవద్దు. కుట్లు వెయ్యమని నువ్వు తొందరపెట్టవద్దు, కుక్క కాటును మూసేస్తే లోపలి విషం లోపలే ఉంటుంది. కరిచిన కుక్కకు టీకా ఉందో లేదో తెలియదు కనుక ఈ గొర్రెలకు రేబిస్ టీకా వేయించాలి. కరిచిన రోజు, తర్వాత 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. తేదీలు గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకో, ఒక్కటీ తప్పకూడదు. రాబోయే నెలల్లో ఏ గొర్రె అయినా గొంతు మారి అరుస్తున్నా, చొంగ కారుస్తున్నా, మేత మింగలేకపోతున్నా గొంతులో ముల్లు ఇరుక్కుందనుకుని నోట్లో చెయ్యి పెట్టొద్దురా. ఇది నిన్ను బతిమాలి చెబుతున్నాను. ఆ రోజు రక్తంలో తడిసిన గొర్రెల్ని నువ్వూ అమ్మా ఒళ్లోకి తీసుకున్నారు కదా. చేతి మీద చిన్న గీరుడు ఉన్నా ఇద్దరూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి చూపించుకోండి, అక్కడ టీకా ఉచితం. ఈ ఉత్తరంలో మిగతాదంతా వాయిదా వేసినా ఇది మాత్రం వెయ్యొద్దు.

చూడి గొర్రెలు బెదురుకి ఈసుకుపోతాయి. దెబ్బ తగలనివి కూడా. కొన్నాళ్లు వాటిని దూరం తోలవద్దు, దొడ్లోనే మేత వెయ్యి. ఈసుకుపోయినవి ఏ రోజు ఈసుకుపోయాయో రాసి పెట్టు, అది కూడా నీ నష్టంలో భాగమే.

పక్క గుంట యజమాని దగ్గరికి ఎప్పుడు వెళ్లాలంటే, ఇదంతా అయ్యాక వెళ్లు. ఒంటరిగా వెళ్లవద్దు, పదిమందిని వెంటేసుకునీ వెళ్లవద్దు. ఇద్దరి మాటా వినే పెద్దమనిషి ఒకరిని తోడు తీసుకుని, గుంట దగ్గర కాకుండా ఆయన ఇంటికి పగలు వెళ్లు. "అన్నా" అని పిలిచే మర్యాద పోగొట్టుకోవద్దు. మొదటి మాట "మా కుక్కలు కావు, వీధికుక్కలు" అనే అంటాడు. నువ్వు వాదించకు. ఎవరు అన్నం పెడుతున్నారో, రాత్రిళ్లు ఎవరి కాపలా గుడిసె దగ్గర పడుకుంటున్నాయో ఊరందరికీ తెలుసు. ఆ మాట పెద్దమనిషి చేత అనిపించు.

ఆయన కష్టం కూడా అర్థం చేసుకో. పట్టుబడికి వచ్చిన గుంటలో రాత్రి వల వేసి దొంగిలించేవాళ్లున్నారు, మోటార్లు ఎత్తుకుపోయేవాళ్లున్నారు. కుక్క లేకుండా ఆయనకు నిద్ర పట్టదు. అసలు చిక్కు ఎక్కడ వస్తుందంటే, పంట నడుస్తున్నన్నాళ్లూ కాపలావాడు కుక్కలకు ఇంత పెడతాడు. పట్టుబడి అయిపోయి గుంట ఎండగట్టాక వాడు వెళ్లిపోతాడు, కుక్కలు మిగిలిపోతాయి. కాలవ గట్టున పారేసే చచ్చిన కోళ్లూ కోళ్ల వ్యర్థాలూ వాటికి పచ్చిమాంసం రుచి నేర్పుతాయి. కౌలుకు తీసుకున్నవాడు వేరే ఊరివాడైతే ఆ కుక్కలకు దిక్కే ఉండదు. కాబట్టి మాట్లాడేటప్పుడు గుంట సొంతదారుణ్ణీ, కౌలుదారుణ్ణీ ఇద్దర్నీ కూర్చోబెట్టు.

కుక్కల్ని తీసెయ్యమని అడగవద్దు. కట్టమని అడుగు. గట్టు పొడుగునా రెండు గుంజల మధ్య గట్టి తీగ లాగి, ఆ తీగకు ఉంగరం వేసి, ఉంగరానికి గొలుసు కడితే కుక్క గట్టు మీద అటూ ఇటూ తిరుగుతుంది, దొంగను చూసి అరుస్తుంది, నీ దొడ్డికి మాత్రం రాలేదు. నీడా నీళ్లూ అందేలా చూడాలి, అదీ ఒక ప్రాణమే. ఆయన కాపలా ఆయనకు ఉంటుంది. తీగా గొలుసూ నువ్వే కొనిస్తానను. ఆ ఖర్చు ఒక పొట్టేలు పిల్ల ధరకు రాదు. తర్వాత టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషను. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పెంపుడు కుక్కకు ఈ రెండూ చేయించాల్సింది యజమానే. సెప్టెంబరు 28న రేబిస్ దినం నాడు, జూలై 6న జూనోసిస్ దినం నాడు పశువైద్యశాలల్లో టీకా ఉచితంగా వేస్తారు. నిజంగా ఎవరివీ కాని కుక్కలుంటే పంచాయతీకి అర్జీ ఇవ్వు. ఆపరేషను చేసి తెచ్చి అక్కడే వదలాలన్నది నియమం, కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకుని దొడ్డిని వదిలెయ్యకు.

పరిహారం మాట్లాడేటప్పుడు సంత ధర కంటే ఎక్కువ అడగవద్దు, తక్కువకూ ఒప్పుకోవద్దు. ఇస్తానన్నది, కట్టేస్తానన్నది, ఏ తేదీలోగా అన్నది, అన్నీ ఒక కాగితం మీద రాయించి సంతకాలు చేయించు. ఆయన ఏమీ ఇవ్వనన్నా సరే, జరిగింది తేదీతో రాసి స్పీడ్ పోస్టులో ఆయనకు పంపు, రసీదు దాచు. ఎందుకంటే, తన కుక్కకు జీవాల మీద పడే గుణం ఉందని యజమానికి ముందే తెలుసా లేదా అన్నది కూడా కోర్టు చూస్తుంది. రెండోసారి జరిగితే "నాకు తెలియదు" అనే మాట ఆయన నోట రాదు.

పోలీసు స్టేషనుకు వెళ్తే ఇది సివిల్ వ్యవహారం అంటారేమో, కోపం తెచ్చుకోకు. జంతువును అదుపులో పెట్టకపోవడం మీద న్యాయ సంహితలో ఉన్న 291వ సెక్షన్ మనిషికి ప్రమాదం ఉన్నప్పుడు వర్తిస్తుంది. ఆరు నెలల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. మీ అమ్మ చీకటితోనే గొర్రెల దొడ్లోకి వెళ్తుంది, పిల్లలు ఆ గట్టు మీదే బడికి వెళ్తారు. ఆ కుక్కలు మనుషుల మీదికీ వస్తున్నాయన్నది నిజమే అయితే అది అర్జీలో స్పష్టంగా రాయి. డబ్బు విషయానికి నెల్లూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లు, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌లో పెట్టించుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ రాజీ అయితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. మళ్లీ ముఖాలు చూసుకోవాల్సిన ఇద్దరికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

దొడ్డి సంగతి. కోత అయిన మళ్లలో రాత్రిపూట మంద కట్టేటప్పుడు వట్టి వల చుట్టి వదలకు. అయిదడుగుల ఎత్తు, కింద మట్టిలో అడుగు లోతు దిగాలి, వెలుపల చిల్లకంప దట్టంగా వెయ్యి. కుక్క ఎగరడం కంటే కింద తవ్వడమే ఎక్కువ. ఇనుప జాలీ వేస్తే సముద్రపు గాలికి త్వరగానే తుప్పు పడుతుంది, ప్లాస్టిక్ పూత ఉన్నది తీసుకో. పిల్లల్ని గంపల కింద మూసి మీద రాయి పెట్టు. ఈనిన గొర్రె మాయను పారెయ్యకుండా పూడ్చు, దొడ్డి పక్కన మాయ తిన్న కుక్క మళ్లీ అక్కడికే వస్తుంది. తెల్లవారుజామునే ఎక్కువ పడతాయి కాబట్టి ఆ వేళకు ఎవరో ఒకరు లేచి ఉండాలి. ఒక నాటు కుక్కపిల్లను తెచ్చి చిన్నప్పటి నుంచే గొర్రెపిల్లల మధ్య పెంచు. పెద్దయ్యాక అది మందను తన ఇల్లనుకుంటుంది.

ఆదివారం పొద్దున మొదటి బస్సుకు వస్తున్నాను. పోస్టుమార్టం కాగితం రెండు జిరాక్సులు తీయించి ఉంచు. గుంట కౌలు ఎవరి పేరున ఉందో కనుక్కో. గుంట యజమాని ఇంటికి పెద్దమనిషిని తోడు తీసుకుని మనిద్దరం కలిసే వెళ్దాం, నేను వచ్చేదాకా అటు పోవద్దు. అమ్మను సాయంత్రంలోగా టీకాకు తీసుకెళ్లి నాకు ఫోన్ చెయ్.

మీ మామయ్య