కణత నొప్పి – కంటికి రక్తమునిచ్చు ధమనులు

నాడి అనగానే చాలామందికి మణికట్టే గుర్తుకు వచ్చును. ముఖమునందును నాడిని చూడవచ్చును. చెవికి ముందు వ్రేలు మెల్లగా ఆన్చినచో కణతకు పోవు ధమని కొట్టుకొనుట తెలియును. క్రింది దవడ అంచున, పండ్లు బిగించినపుడు గట్టిపడు కండరమునకు సరిగా ముందు, మరియొక స్పందన దొరకును. అది ముఖధమని. అచ్చటనుండి అది వంకరలు తిరుగుచు నోటి మూలను, ముక్కు ప్రక్కను దాటి కంటి లోపలి కొలకు వరకు సాగును. నోరు తెరచినను, నవ్వినను ధమని లాగబడకుండుటకు ఆ వంకరలు ఉపకరించును.

ఈ రెండును మెడలోని బాహ్య కంఠధమని శాఖలు. కంటిగూటికి రక్తమునిచ్చు నేత్రధమని త్రోవ వేరు. అది ఆభ్యంతర కంఠధమని నుండి పుట్టి, దృష్టి నరముతోపాటు కంటిగూటిలో ప్రవేశించును. ముక్కు ప్రక్కన, కంటికొలకు వద్ద, దాని కొస శాఖయు ముఖధమనియు కలియును. ముఖమున ధమనులు ఇట్లు అల్లుకొని యుండుటచేతనే అచ్చటి గాయము నుండి రక్తము ఎక్కువగా కారినను, గాయము త్వరగా మానును.

ఈ ఇచ్చిపుచ్చుకొనుట కంటి లోపల లేదు. నేత్రధమని శాఖ యొకటి కనుగుడ్డుకు సుమారు 1 సెంటీమీటరు వెనుక దృష్టి నరములో దూరి, రెటీనా లోపలి పొరలను పోషించును. మరికొన్ని సన్నని శాఖలు ఆ నరము మొదలును పోషించును. ఇవి మూసుకొనిపోయినచో రక్తము రాగల చాలినంత మారుదారి లేదు.

సుశ్రుతుడు 107 మర్మములలో కణతలను శంఖమర్మములనియు, కంటి వెలుపలి కొలకులను అపాంగమర్మములనియు చెప్పెను. మొదటివి దెబ్బతిన్నచో సద్యోమరణము, రెండవవి దెబ్బతిన్నచో అంధత్వము. ప్రాచీనుల సిరలు, ధమనులు నేటి శరీరశాస్త్రములోని వానితో అక్షరాలా సరిపోవునని వాదించువారితో నేను ఏకీభవింపను. కణతను అలక్ష్యము చేయరాదన్న మాట మాత్రము నేటికిని నిలిచియున్నది.

తలనొప్పి యనగానే మన ఇండ్లలో శొంఠి అరగదీసి కణతలకు పట్టు వేయుదురు. జలుబు వలన వచ్చిన నొప్పికి నేనును వేయింతును. కాని 50 ఏండ్లు దాటినవారికి, అందును 70 దాటినవారికి, మునుపెన్నడును లేని నొప్పి కణతన మొదలైనచో ఆగి ఆలోచింపవలెను. దువ్వెన తగిలినను తల నొచ్చుట, అన్నము నమలుచుండగా దవడలు పీకుట, కణత ధమని త్రాడువలె గట్టిపడి స్పందన తగ్గుట, కన్ను క్షణకాలము మసకబారుట – వీనిలో ఏది తోడైనను అది శొంఠికి లొంగునది కాదు. ధమని గోడయే వాచు వ్యాధి కావచ్చును. దీనిని జెయింట్ సెల్ ఆర్టెరైటిస్ అందురు. మన దేశమున అరుదు; అరుదు గనుకనే తలపునకు రాదు. ఆ వాపు నేత్రధమని శాఖలకు సోకినచో చూపు ఒక్కసారిగా పోవచ్చును. పోయిన చూపు సాధారణముగా తిరిగి రాదు. చికిత్స లేనిచో కొలది దినములలోనే రెండవ కన్నునకును ప్రమాదము.

ఇట్టి రోగి నా వద్దకు వచ్చినచో లేపము వ్రాయను, నస్యము చేయను. ఆనాడే పెద్ద ఆసుపత్రికి పంపుదును. అచ్చట ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. రక్తపరీక్షలు చేసి, అనుమానము బలముగా నున్నచో ముక్క పరీక్ష ఫలితమునకై వేచియుండక స్టిరాయిడ్లు మొదలుపెట్టుదురు. ఆ పేరు వినగానే ఉలికిపడు పాఠకులు మన పత్రికకు ఎక్కువే. ఇచ్చట ఆ భయము చూపునకే చేటు. మధ్యలో సొంతముగా ఆ మందును ఆపివేయుటయు ప్రమాదమే. ఎముకల విషయమున, మధుమేహ విషయమున తీసుకొనవలసిన జాగ్రత్తలు ఆ వైద్యులనే అడుగుడు.

నొప్పి ఏమియు లేకయే ఒక కన్ను హఠాత్తుగా కనిపించకపోయినను ఇదే త్రోవ. తెల్లవారనిండు అనక, ఆ రాత్రియే బయలుదేరవలెను.