సిలికాన్ వెలగాలంటే: అనుభవ పాఠాలు

ల్యాబ్ ఉద్యోగం ముగిశాక నేరేడ్‌మెట్‌లో స్థిరపడ్డాను. రీసెర్చ్ చేసే పిల్లలు ఇప్పటికీ ఇంటికొచ్చి అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేవే ఇవి.

1. పైపొర సంగతి ముందు చూడండి. సిలికాన్ దిమ్మ దాదాపు వెలగదు. 1990లో ఇంగ్లండ్‌లో లీ క్యానమ్ దాన్ని ఆమ్లంతో గుల్లచేసి ఎర్రగా వెలిగించాక, అందరూ రేణువు సైజు వెంటపడ్డారు. సుమారు 5 నానోమీటర్ల లోపు ఉండాలన్నది నిజమే. కానీ 3 నానోమీటర్ల రేణువులో దాదాపు మూడోవంతు పరమాణువులు అంచునే ఉంటాయి. వాటిలో ఒక్కదానికి బంధం తెగి ఖాళీగా మిగిలినా చాలు, వెలుగు కావలసిన శక్తి వేడిగా పోతుంది.

2. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం దగ్గర ధైర్యం చూపించకండి. ఆక్సైడ్‌ను ఒలిచి హైడ్రోజన్ తొడిగేది అదే. గాజును తినేస్తుంది కాబట్టి టెఫ్లాన్ గిన్నె వాడాలి. పలచటిది ఒంటిమీద పడితే గంటలదాకా మంట తెలియకపోవచ్చు. ఈలోగా లోపలికి దిగి కాల్షియాన్ని పట్టేస్తుంది. నల్లగొండ ఫ్లోరోసిస్ చూసినవాళ్లకు ఫ్లోరైడ్ సంగతి వేరే చెప్పాలా! కాల్షియం గ్లూకోనేట్ జెల్ బల్లమీద లేనిదే సీసా మూత తీయనిచ్చేవాణ్ణి కాదు.

3. హైడ్రోజన్ పొరను నమ్ముకుని ఇంటికెళ్లిపోకండి. గాలి తగిలితే ఆక్సైడ్ పేరుకోవడం మొదలవుతుంది. అదే పూట రేణువుల్ని ఆర్గాన్‌లో డోడెసీన్ అనే కర్బన ద్రవంతో వేడిచేసి సిలికాన్‌కు కార్బన్‌ను కట్టేయాలి. పని కుదిరితే రేణువులు టోలీన్‌లో తేటగా కలిసిపోతాయి, కుదరకపోతే అడుగున మడ్డి కడతాయి. 2006లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంవాళ్లు ఈ రకం పొరతోనే, మింగిన ప్రతి 100 ఫోటాన్లకు 60కి పైగా తిరిగి రాబట్టారు. ఆక్సిజన్‌ను దగ్గరికి రానీయకపోవడమే అందులో వాళ్ల గొప్ప.

4. నీలం చూసి సంబరపడకండి. నీలం వెలుగు కనిపిస్తే చాలు, రేణువు సైజు తగ్గిందని రాసేస్తారు. నత్రజని జాడలు, ఆక్సిజన్ తగిలితే ఎర్ర రేణువులే నీలంగా మారతాయని 2013లో ఆల్బర్టా విశ్వవిద్యాలయం బృందం చూపింది. వెలుగు ఎంతసేపు నిలుస్తుందో కొలవండి: ఎరుపు మైక్రోసెకన్లు, నీలం నానోసెకన్లు.

5. మన గచ్చిబౌలిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, గుల్ల సిలికాన్‌ను ద్రవంలో ఉంచి ఫెమ్టోసెకండ్ లేజర్‌తో అతిచిన్న రేణువులు తీశారు. ఆ దారిలో వెళ్తే ద్రవాన్ని ఆచితూచి ఎంచుకోండి. పైపొర దాన్నిబట్టే ఏర్పడుతుంది.

6. పేపర్లో తొలిరోజు మెరుపు ఫోటో ఒక్కటే వేయకండి. ఆరు నెలలు గాలిలో ఉంచిన అదే శాంపిల్ స్పెక్ట్రమ్ కూడా పక్కన వేయండి.