పడని దుమ్ము

రేణిగుంట

పాపా,

నీ ఉత్తరం అందింది. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే అవ్వకు ఉబ్బసం తెచ్చాయా అని అడిగావు. అందులో సగమే నిజం.

మొన్న పొద్దున అవ్వ మిద్దెమీద బొంత దులిపింది. ఏటవాలు ఎండలో దుమ్ము తేలింది. కాసేపటికే తుమ్ములు, ఆపైన ఎదలో పిల్లికూతలు. మెట్లమీదే కూర్చుండిపోయింది. మన చర్మం పొట్టు తిని బతికే, కంటికి కనబడని పురుగుల మలం ఉంటుంది ఆ దుమ్ములో. పక్కనే నిలబడి నేనూ అదే పీల్చాను, నాకేమీ కాలేదు. రైలుకట్ట పొడుగునా వయ్యారిభామ పూసినప్పుడూ అవ్వకు ఇంతే.

అవ్వకు దుమ్ము 'పడదు' అంటామే, ఆ పడకపోవడం వెనక ఉన్నది ఐజీఈ అనే యాంటీబాడీ. యాంటీబాడీల్లో రక్తంలో అతి తక్కువగా ఉండేది ఇదే. అయినా ఒంట్లోని మాస్ట్ కణాలకు అతుక్కుని వారాల తరబడి కాచుకుని ఉంటుంది. దుమ్ములోని ప్రొటీన్ వచ్చి రెండు ఐజీఈలను కలిపి పట్టుకుంటే చాలు, ఆ కణం హిస్టమిన్ అనే రసాయనాన్ని కక్కుతుంది, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. 1966లో ఐజీఈని పట్టుకున్న ఇషిజాకా దంపతులు పరీక్షలకు తమ చర్మాన్నే ఇచ్చారు. వాళ్లంటే నాకెంతో గౌరవం.

యాంటీబాడీలే కాపాడతాయన్న మిగతా సగం కథ అంతకన్నా పాతది. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ అనే డాక్టరు గడ్డి పుప్పొడి సారాన్ని సూదితో కొంచెం కొంచెంగా పెంచుతూ ఎక్కించాడు. పడని పుప్పొడి రోగులకు మెల్లగా పడసాగింది. కారణం తర్వాత తెలిసింది. అలా ఎక్కిస్తే నియంత్రక టీ కణాలు లేస్తాయి, అవి వదిలే ఐఎల్-10 అనే సంకేత ప్రొటీన్ ప్రభావంతో బీ కణాలు ఐజీజీ4 తయారుచేస్తాయి. ఐజీఈ దాకా పోకముందే అలర్జెన్‌ను, అంటే ఆ పడని పదార్థాన్ని, ఈ ఐజీజీ4 దారిలోనే పట్టేస్తుంది. అదీ యాంటీబాడీయే కదా! తల్లిపాలలోని ఐజీజీ అలర్జెన్‌తో జతకట్టి పిల్లలకు సహనం నేర్పడం ఎలుకల్లో చూశారు. అయితే రక్తంలో ఐజీజీ4 పెరిగిందని జబ్బు నయమైనట్టు అనుకోకు. టీ కణాలు మారకుండా అది ఒక్కటే చాలదు.

ఈ సూది వైద్యానికి మూడేళ్లయినా పడుతుంది, ఉబ్బసం అదుపులో ఉన్నవాళ్లకే చేస్తారు. అవ్వ ఇంకా ఆ స్థితికి రాలేదు. ఆయాసం తగ్గగానే ఇన్‌హేలర్ మానేస్తోంది. దసరాకు వచ్చినప్పుడు దగ్గర కూర్చుని ఇన్‌హేలర్ వాడించు. మందు పీల్చాక పది అంకెలు లెక్కబెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి, తర్వాత నోరు పుక్కిలించాలి. నా మాట వినదు, నువ్వు చెబితే వింటుంది.

ఆశీస్సులతో,
తాత