ఉప్పు మార్చినా బీపీ తగ్గదేం?

ప్రశ్న: మా వారికి 54 ఏళ్లు. రోజూ టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. మాత్ర వేసుకుంటున్నా బీపీ 150/96 కంటే దిగడం లేదు. మామూలు ఉప్పు మానేసి సైంధవ లవణం వాడుతున్నాం. ఇంట్లో ముగ్గురం, నెలకు కిలో ప్యాకెట్ అయిపోతుంది. ఆవకాయ లేనిదే ఆయనకు పెరుగన్నం దిగదు. పక్కింటివాళ్లు ‘లో సోడియం’ ఉప్పు వాడమంటున్నారు. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ ప్రశ్నలోనే సగం జవాబుంది. ముగ్గురికి నెలకు కిలో అంటే తలా రోజుకు 11 గ్రాములు. కొంత వృథా అయిందనుకున్నా ఎక్కువే. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపే, అంటే సుమారు ఒక టీస్పూను చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక ఎండాకాలంలోనే జాడీకెక్కిన ఆవకాయ ఉప్పు ఈ లెక్కలోకి రానే లేదు.

సైంధవ లవణం రంగులోనే వేరు. అందులోనూ దాదాపు అంతా సోడియం క్లోరైడే. పైగా అయోడిన్ కలపని రకాలే ఎక్కువ.

ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది, రక్తనాళాల మీద ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడికి ఎదురు పనిచేసీ చేసీ గుండె ఎడమ గోడ మందమవుతుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే గుండెపోటు, గుండె వైఫల్యం, పక్షవాతం, కిడ్నీ జబ్బుల ముప్పు పెరుగుతుంది. మీ వారు వేసుకునే రకం మాత్రలు ఉప్పు తగ్గించినప్పుడే బాగా పనిచేస్తాయి.

‘లో సోడియం’ ఉప్పులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది. ఇది మంచిదే. చైనాలో 600 గ్రామాల్లో చేసిన అధ్యయనంలో (2021) ఇలాంటి ఉప్పు వాడినవారికి పక్షవాతం 14 శాతం తగ్గింది. కానీ టెల్మిసార్టాన్ కూడా రక్తంలో పొటాషియాన్ని పెంచగలదు. కిడ్నీలు బలహీనంగా ఉంటే అది మితిమీరి గుండె లయ తప్పే ప్రమాదముంది. అందుకే ముందు క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించి, మీ డాక్టర్ సరేనంటేనే వాడండి.

ఈలోగా అయోడిన్ ఉన్న ఉప్పునే కొలిచి వాడండి. ఒకటో తారీఖున 450 గ్రాములు విడిగా డబ్బాలో పోసి, నెలంతా వంటకు అదే వాడండి. ముగ్గురికి రోజుకు 5 గ్రాముల చొప్పున లెక్క అది. అన్నం వండేటప్పుడు, మజ్జిగలో ఉప్పు వేయకండి. ఆవకాయను వారానికి ఒకసారి, అదీ చిన్న ముక్కకు పరిమితం చేయండి. అప్పడాలు, చల్లమిరపకాయలు, మిక్చర్ కూడా ఉప్పు ఖాతాలోవే. నిమ్మరసం, వెల్లుల్లి, మిరియాలు, కరివేపాకు ఆ లోటును చాలావరకు తీరుస్తాయి. మొదట్లో చప్పగా అనిపించినా కొన్ని వారాల్లో నాలుక అలవాటుపడుతుంది. ప్యాకెట్ ఆహారం కొంటే సోడియం ఎంతో చూడండి. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది.

బీపీని రోజూ ఒకే వేళకు చూసి రాసిపెట్టుకుని, ఆ కాగితంతో డాక్టర్‌ను కలవండి. మాత్ర మోతాదు మార్చాల్సి రావచ్చు. ఉప్పు తగ్గించాం కదా అని మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు.