కిడ్నీ తిత్తులూ కొవ్వు లెక్కలూ: అక్క మాట

ఏమ్మా చెల్లీ, స్కానింగ్ రిపోర్టులో 'పాలీసిస్టిక్ కిడ్నీ' అని చూసి దిగులుపడ్డావా? ముందు రెండు మాటలు విను. ఇది పీసీఓడీ కాదు. అది అండాశయాల సమస్య, ఇది కిడ్నీల్లో నీటితిత్తులు పెరిగే జబ్బు. ఇంకొకటి, "మీ పుట్టింటి రోగం" అని ఎవరైనా దెప్పితే తల దించుకోకు. పెద్దల్లో ఎక్కువగా కనిపించే రకంలో ఈ జన్యులోపం అమ్మ నుంచైనా రావచ్చు, నాన్న నుంచైనా రావచ్చు. ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, వచ్చే అవకాశం సగం. కొన్ని ఇళ్ళలో ముందు ఎవరికీ లేకుండానే మొదలవుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు తల్లీ.

ఇక నీ మనసులో ఉన్న ప్రశ్న: "నూనె మానేస్తే తిత్తులు తగ్గుతాయా అక్కా?"

అసలు సంగతి చెబుతాను. మామూలు కిడ్నీ కణాలు పనిచేయడానికి కావలసిన శక్తిని ఎక్కువగా కొవ్వు ఆమ్లాలను మండించి తెచ్చుకుంటాయి. తిత్తి కణాల్లో ఆ పని కుంటుపడుతుంది. పక్కన ఎండు కట్టెలు పేర్చి ఉన్నా గడ్డి వేసి మంట పెట్టుకున్నట్టు, అవి గ్లూకోజు మీదే ఎక్కువగా ఆధారపడతాయి. ఈ గ్లూకోజు సంగతి 2013లో బయటపడింది. కొవ్వు మండటంలో లోపం ఉందని 2016లో ఎలుకల మీద చేసిన పరిశోధన చూపించింది. కొవ్వు తక్కువ మేత తిన్న ఎలుకల్లో జబ్బు కాస్త నెమ్మదించింది కూడా.

అయితే 2019లో ఇంకో పరిశోధనలో కీటోసిస్ వల్ల, అంటే పిండిపదార్థం తగ్గి ఒళ్ళు కొవ్వునే వాడుకునే స్థితి వల్ల, ఎలుకల్లో తిత్తుల పెరుగుదల తగ్గింది. ఒకచోట కొవ్వు తగ్గిస్తే మేలు, మరోచోట కీటో (పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే ఆహారం) మేలు! అందుకే ఎలుకల ఫలితాలు పట్టుకుని మన వంటింటిని తలకిందులు చేయకూడదు. జర్మనీలో రోగుల మీద జరిపిన పరీక్షలో కీటో తిన్నవారికి కొలెస్ట్రాల్ పెరిగింది. యూట్యూబు చూసి నీ అంతట నువ్వు కీటో మొదలుపెట్టకు.

మరి మందుల మాట? కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్ మందుల్లో ఒకటైన ప్రావాస్టాటిన్‌ని ఈ జబ్బున్న, 8 నుంచి 22 ఏళ్ళ వయసున్న 110 మందితో మూడేళ్ళు పరీక్షించారు. అందరూ బీపీ మందు లిసినోప్రిల్ కూడా వాడారు. స్టాటిన్ వాడినవారిలో కిడ్నీ సైజు 23 శాతం పెరిగితే, వాడనివారిలో 31 శాతం పెరిగింది. 2014లో వచ్చిన ఈ ఫలితం ఆశ కలిగించేదే. అయినా పెద్దవాళ్ళలో తిత్తులు తగ్గించే మందుగా స్టాటిన్‌ని ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

"తిత్తులకు స్టాటిన్ మందు కాకపోతే మరి కొలెస్ట్రాల్ పరీక్ష ఎందుకు?" అంటావేమో. గుండె కోసం, చెల్లీ. ఈ జబ్బున్నవారికి కిడ్నీతోపాటు గుండెకీ ముప్పు ఎక్కువ. చిన్న వయసులోనే బీపీ వస్తుంది, దానికి చెడు కొలెస్ట్రాల్ తోడైతే రక్తనాళాలు దెబ్బతింటాయి. కిడ్నీ జబ్బున్నవారికి యాభై దాటాక స్టాటిన్ సూచించడం అంతర్జాతీయంగా ఉన్న పద్ధతే. అంతకంటే చిన్న వయసువాళ్ళకైతే షుగరు, గుండె ముప్పు చూసి డాక్టరు నిర్ణయిస్తారు.

వంటింటి సంగతికొస్తే, వేరుశనగ నూనో నువ్వుల నూనో కొలిచి వాడుకో. డాల్డా, వాడిన నూనెనే మళ్ళీ మళ్ళీ మరిగించి చేసిన బజ్జీలు మానెయ్. నూనెకన్నా ముందు ఉప్పు మీద కన్నెయ్యి. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు బీపీని పెంచేస్తాయి. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు. నడుము నొప్పి అని మందుల షాపులో అడిగి బిళ్ళలు కొనుక్కోకు, నొప్పి మాత్రల్లో చాలావరకు కిడ్నీకి పడవు.

పెళ్ళయి పిల్లల కోసం చూస్తున్నావా? ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పు. స్టాటిన్లు, లిసినోప్రిల్, టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రలు కడుపుతో ఉన్నప్పుడు పనికిరావు, వాటిని మార్చాలి. అలాగని నువ్వే ఆపేయకు, బీపీ పెరిగితే ఇంకా ప్రమాదం.

ఈసారి కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, బీపీలతోపాటు లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష) కూడా చూడమని అడుగు. నీకంటే ముందు ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం చూసుకునే అలవాటు నీది, నాకు తెలుసు. ఈ ఒక్క విషయంలో మాత్రం నీ వంతు ముందు రానివ్వు.