పోటీ పరీక్షల ప్రత్యేకం: తాలూకాల నాటి చట్టం, జిల్లాల నాటి చట్టం
గ్రూప్స్ రాసేవారు జగిత్యాల, సిరిసిల్ల పేర్లను జంటగా గుర్తుపెట్టుకోవాలి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. నెలన్నర తిరక్కుండానే, అక్టోబరు 20న ప్రభుత్వం ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆధారం, మద్రాసు రాష్ట్రంలో పుట్టిన 1948 నాటి చట్టం. దాని ప్రకారం కల్లోలిత ప్రాంతంలో ఐదుగురు, అంతకు మించి గుమిగూడరాదన్న ఆజ్ఞను మీరినవారిపై, హెచ్చరించాక, ఎస్సై కూడా ప్రాణం పోయేలా కాల్పులు జరపొచ్చు. ఒక ఎస్సై చేతికి అంత అధికారం!

ఆప్షన్లలో ‘జిల్లాలు’ అని ఉంటే పొరబడొద్దు. అప్పటికి రెండూ కరీంనగర్ జిల్లా తాలూకాలే. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబరు 11న, 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద వచ్చాయి.